టాలీవుడ్ అనే మాట అసలు మనదేనా?

బెజవాడ బుల్లోడు (చర్చ మొదలుపెట్టింది):
ఒక తగువు తీర్చి పెట్టండి. నేను పుణెలో ఉద్యోగం. మొన్న శుక్రవారం సాయంత్రం ఆఫీసులో సరదాగా క్విజ్ పెట్టారు. "టాలీవుడ్ ఏ నగరంలో ఉంది?" అని అడిగారు. నేను ఆప్షన్లు కూడా విననివ్వకుండా హైదరాబాద్ అని అరిచేశాను. అదే టైంలో అవతలి టీంలో ఒక బెంగాలీ అమ్మాయి లేచి కోల్‌కతా అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, మార్కు మాకే ఇచ్చారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఫోన్‌లో వాళ్ళ బెంగాలీ పేపర్ తీసి సినిమా పేజీ చూపించి, ఇదిగో ఇక్కడ రాసింది టాలీవుడ్ అనే, కావాలంటే ఇంకెవరిచేతైనా చదివించుకో అంది. పైగా "మా పేరు మీరు ఎత్తుకుపోయారు" అని ఒక మాట కూడా విసిరింది. అక్కడి నుంచి నాకు నిద్ర లేదు అంటే అతిశయోక్తి గానీ కొంచెం మండింది.
అడిగేది రెండు ముక్కలు. ఈ మాట ముందు ఎవరిది? ఇది రాకముందు మనవాళ్ళు సినిమా పరిశ్రమని ఏమని పిలిచేవాళ్ళు? మా నాన్నని అడిగితే "సినిమావాళ్ళు అనేవాళ్ళం, ఇంకేమంటాం" అని ఫోన్ పెట్టేశారు.

నైజాం పోరడు:
ఇందులో డౌట్ ఏముంది అన్నా. తెలుగులోంచి ట, హాలీవుడ్‌లోంచి మిగతాది. బెంగాలీకి ట ఎక్కడిది? లెక్క ప్రకారం వాళ్ళది బాలీవుడ్ అవ్వాలి, అది ఆల్రెడీ బొంబాయోళ్ళు పట్టుకుపోయారు.

పాత రీలు:
పోరడు గారూ, తొందరపడకండి. ఆ అమ్మాయి చెప్పింది కరెక్టే. నేను పాతికేళ్ళు సినిమా పేజీకి పనిచేసినవాణ్ణి, ఈ విషయం తెలిసినప్పుడు నాకూ మీలాగే గుటక పడలేదు.
కలకత్తా దక్షిణాన టాలీగంజ్ అని ఒక పేట ఉంది. టాలీ అనేది 18వ శతాబ్దంలో అక్కడ పూడిపోయిన కాలవ తవ్వించిన ఒక ఇంగ్లీషు సైనికాధికారి ఇంటిపేరు. కాలవకి ఆయన పేరు, కాలవ పక్కన వెలసిన బజారుకి ఆయన పేరు. 1930ల మొదట్లో టాకీలు వచ్చేసరికి స్టూడియోలు ఆ పేటలోనే లేచాయి, బి.ఎన్. సర్కార్ గారి న్యూ థియేటర్స్‌తో సహా. ఆ రోజుల్లో విల్ఫర్డ్ డెమింగ్ అని ఒక అమెరికన్ సౌండ్ ఇంజనీరు మన దేశంలో టాకీలకి పనిచేశాడు. ఆయన 1932లో అమెరికన్ సినిమాటోగ్రాఫర్ పత్రికలో తన ఇండియా అనుభవాలు రాస్తూ, కలకత్తా నుంచి తనకొచ్చిన కొత్త సంవత్సరం టెలిగ్రాం గురించి చెప్పాడు. అందులో పంపినవాళ్ళు తమని తాము టాలీవుడ్ అని రాసుకున్నారు. టాలీగంజ్‌కి, హాలీవుడ్‌కి అంటు కట్టారన్నమాట.
1932 అంటే గమనించండి. బాలీవుడ్ అనే మాట 1970ల్లో గానీ వినపడలేదు. అంటే మన దేశంలో మొదటి "వుడ్" బొంబాయిది కాదు, కలకత్తాది.

నైజాం పోరడు:
టెలిగ్రాం మాట ఎవరు చెప్పారు సార్? ఫార్వర్డ్ మెసేజా?

పాత రీలు:
కాదు నాయనా. ఎం. మాధవ ప్రసాద్ అని సినిమా మీద చాలా పని చేసిన పరిశోధకుడు, 2003లో బాలీవుడ్ అనే మాట మీద ఒక వ్యాసం రాశారు, అందులో ఈ డెమింగ్ సంగతి బయటపెట్టారు. తమాషా ఏమిటంటే ఆయన పనిచేసింది హైదరాబాద్‌లో, తార్నాక పక్కన ఉన్న ఇంగ్లీషు యూనివర్సిటీలో. మన ఊళ్ళో కూర్చునే ఆ పేరు కలకత్తాదని తేల్చారు.

గుంటూరు కారప్పొడి:
అయిపోయింది, ఇంక అందరం కలిసి బెంగాల్‌కి క్షమాపణ ఉత్తరం రాద్దాం.

శ్రీలక్ష్మి తెనాలి:
ఒక్క నిమిషం. వాళ్ళది ముందు అని తేలింది, మనం ఎత్తుకొచ్చామని ఎక్కడ తేలింది? రెండూ వేరు వేరు కదా.
నేను భాష చదువుకున్నదాన్ని కాబట్టి కొంచెం విసిగిస్తాను, భరించండి. హాలీవుడ్ అనేది ఒక ఊరి పేరు. అందులో వుడ్‌కి సినిమాతో ఏ సంబంధమూ లేదు, 1887లో ఇళ్ళ స్థలాలు అమ్ముకోవడానికి పెట్టుకున్న పేరు అది. కొండ మీద తెల్లటి అక్షరాలు చూసి ఉంటారు, అవి కూడా 1923లో రియల్ ఎస్టేట్ ప్రకటనగా పెట్టినవే, చివర ల్యాండ్ అని కూడా ఉండేది, 1949లో తీసేశారు. అంటే ప్రపంచం అంతా మురిసిపోయే ఆ పేరు మన వెంచర్ల పేర్ల లాంటిదే. అక్కడ సినిమాలు తీసేసరికి ఊరి పేరు కాస్తా పరిశ్రమ పేరయింది. తరవాత జనం మొదటి అక్షరం ఊడదీసి తమది తగిలించుకోవడం మొదలుపెట్టారు. బొంబాయికి బ. మద్రాసులో స్టూడియోల పేట కోడంబాక్కానికి క. మలయాళానికి మ. లాహోర్‌కి ల. ఈ అచ్చులో తెలుగు వేస్తే టాలీవుడ్ తప్ప ఇంకేం రాదు. కలకత్తావాళ్ళు వాళ్ళ పేట పేరుతో చేశారు, మనవాళ్ళు బాలీవుడ్‌ని చూసి భాష పేరుతో చేశారు, పోతపోసింది రెండు చోట్ల, అచ్చు ఒకటే. ఇది నా అభిప్రాయం.

కాకినాడ కాజా:
మేడం, తెలుగులో మొదటిది తె. అచ్చులో పోస్తే తెలీవుడ్ రావాలి. టాలీవుడ్ అని గుండ్రంగా వచ్చిందంటే అది టాలీగంజ్‌దే.

శ్రీలక్ష్మి తెనాలి:
అలా అయితే మలయాళం మలీవుడ్ అవ్వాలి. మాలీవుడ్ ఎందుకయింది? ఇక్కడ మారేది హల్లు ఒక్కటే, వెనక ఆలీవుడ్ అలాగే ఉంటుంది.

కాకినాడ కాజా:
తెలీవుడ్ అయితే ఇంకా నయం. ఎవరడిగినా "తెలీదు" అన్నట్టు ఉండేది.

ఫోకస్ పుల్లర్:
నేను కెమెరా డిపార్ట్‌మెంట్‌లో పదమూడేళ్ళ నుంచి ఉన్నాను. మీకో నిజం చెప్పనా, సెట్‌లో టాలీవుడ్ అనే మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. డైరెక్టర్ దగ్గర నుంచి టీ ఇచ్చే ప్రొడక్షన్ అబ్బాయి దాకా అందరూ అనేది "ఇండస్ట్రీ". ఇండస్ట్రీకి ఎప్పుడొచ్చావ్? ఇండస్ట్రీలో ఎవరైనా తెలుసా? ఇండస్ట్రీ హిట్. ఇండస్ట్రీ బంద్. మా ముందు తరం వాళ్ళు "ఫీల్డు" అంటారు. మా గురువుగారు ఇప్పటికీ "ఫీల్డులో మంచివాడు అనే పేరు తెచ్చుకో చాలు" అంటుంటారు.
ఇంకో సంగతి. కృష్ణానగర్‌లో రూం కోసం తిరిగినప్పుడు ఏం చేస్తుంటావ్ అని అడిగితే ఇండస్ట్రీ అన్నాను. పాపం ఆ పెద్దాయన జీడిమెట్లలో ఏదో ఫ్యాక్టరీ అనుకుని అడ్వాన్స్ తీసుకున్నాడు. రెండో నెలలో రాత్రి రెండింటికి షూటింగ్ నుంచి వస్తుంటే అసలు సంగతి తెలిసింది. అంతే, నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. ఆ ఒక్క మాట వల్ల రెండు నెలలు తల దాచుకున్నాను.

గుంటూరు కారప్పొడి:
హహ. జీడిమెట్ల యూనిట్.

పాత రీలు:
ఫోకస్ పుల్లర్ గారి కథలో ఒక చురక ఉంది. ఆ ఇంటాయనకే కాదు, ప్రభుత్వానికి కూడా చాలాకాలం ఇది ఇండస్ట్రీ కాదు. సినిమా నిర్మాణానికి పరిశ్రమ హోదా ఇస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది 1998లో. అప్పటిదాకా బ్యాంకు గుమ్మం ఎక్కితే అప్పు పుట్టేది కాదు, ఫైనాన్షియర్ దగ్గర వడ్డీకి తెచ్చుకోవాల్సిందే. మనం మాత్రం అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచీ చలనచిత్ర పరిశ్రమ అని రాసేసుకుంటున్నాం. పరిశ్రమ అంటే శ్రమ కూడా కదా, ఆ అర్థంలో అయితే మొదటి రోజు నుంచీ పరిశ్రమే.

శ్రీలక్ష్మి తెనాలి:
అంతకుముందు ఇంకో మాట ఉండేది, మీరందరూ మర్చిపోయారు. కంపెనీ. మా అమ్మమ్మకి సినిమా అంటే కంపెనీ. "ఫలానావాడు కంపెనీలో చేరాడు" అంటే నాటకాల కంపెనీలో అయినా చేరి ఉండాలి, సినిమా కంపెనీలో అయినా చేరి ఉండాలి. నాటకాల వాళ్ళే సినిమాల్లోకి వచ్చారు కాబట్టి మాట కూడా వాళ్ళతోనే వచ్చేసింది. మా తెనాలిలో ఇది అందరికీ తెలుసు, సురభి వాళ్ళ డేరాలు చూసిన ఊరు.
కంపెనీ తరవాత "మద్రాసు". మద్రాసు వెళ్ళిపోయాడు అంటే చదువుకోవడానికి అని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. అబ్బాయి కనపడకపోతే మూడో రోజుకి మద్రాసు రైలెక్కాడు అని తేల్చేసేవాళ్ళు. అంటే అప్పుడు కూడా మనం ఊరి పేరునే పరిశ్రమ పేరుగా వాడాం, హాలీవుడ్ లాగే, కాకపోతే వుడ్ తగిలించాలని తోచలేదు.

డల్లాస్ బాబాయ్:
నిజమే. మా పెద్దనాన్న అలాగే మద్రాసు వెళ్ళి పాండీ బజారులో ఆర్నెల్లు తిరిగి ఇంటికొచ్చేశాడు. ఊళ్ళో చచ్చేదాకా ఆయన పేరు "మద్రాసు సుబ్బారావు"... పేరు మార్చానులెండి.

సబ్ ఎడిటర్ గారి గోడు:
డెస్క్ తరఫున నేనూ ఒక మాట చెప్పాలి. టాలీవుడ్ అనే మాటని అందరూ తిడతారు, మేమే వ్యాప్తి చేశామంటారు. అయ్యా, "తెలుగు చలనచిత్ర పరిశ్రమ" అని రెండు కాలమ్‌ల హెడ్డింగ్‌లో పెట్టి చూడండి. పట్టదు. టాలీవుడ్ నాలుగక్షరాలు. ఇప్పుడు వెబ్‌లో అయితే జనం వెతికేది కూడా అదే మాట.
కానీ తెలుగు పేపర్ శ్రద్ధగా చదివేవాళ్ళకి తెలుస్తుంది, ఏ మాట ఎక్కడ వాడాలో మాకు లోపల ఒక లెక్క ఉంటుంది. ఎవరైనా పెద్దనటుడు పోయారనుకోండి, "చిత్రసీమలో విషాదం" అంటాం, "టాలీవుడ్‌లో విషాదం" అని కూడా రాసేవాళ్ళున్నారు గానీ చేదుగా ఉంటుంది. టికెట్ల రేట్ల గురించి మంత్రిని కలిస్తే "పరిశ్రమ పెద్దలు" కలిశారు. సమ్మె అయితే "సినీ కార్మికులు", అప్పుడు 24 క్రాఫ్టులూ, అంటే సినిమా పనిలో ఉన్న విభాగాలన్నీ, బయటికొస్తాయి. సన్మానం అయితే "చలనచిత్ర రంగానికి చేసిన సేవలు". ఎవరితో ఎవరికి చెడిందో రాయాలంటే, ఎవరు చెప్పారో పేరు పెట్టలేం కాబట్టి, "ఫిలింనగర్ వర్గాల భోగట్టా". నిజానికి ఆ వర్గాలు ఫిలింనగర్‌లో ఉండనక్కర్లేదు, మా పక్క సీట్లో కూడా ఉండచ్చు. హీరో కొత్త కారు కొంటే మాత్రం టాలీవుడ్.

పాత రీలు:
పక్క సీటు సంగతి బయట చెప్పకూడదమ్మా.

రాయచోటి రాయుడు:
చిత్రసీమ అంటే గుర్తొచ్చింది, మా సీమని సినిమావాళ్ళు ఇప్పటికీ సీడెడ్ అంటారు. ఇది ఎవరూ పట్టించుకోరా? 1800లో నిజాం మా జిల్లాలని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు, అందుకే దత్తమండలాలు, ఇంగ్లీషులో సీడెడ్. ఇచ్చేసిన సరుకు అన్నట్టుంది ఆ పేరు. 1928లో నంద్యాల సభలో ఆ పేరు వద్దని రాయలసీమ అని పెట్టుకున్నాం. నిజాం పోయాడు, కంపెనీ పోయింది, ఇంగ్లీషువాడు పోయాడు. శుక్రవారం పొద్దున కలెక్షన్ల లెక్క తీస్తే మాత్రం నైజాం ఇంత, సీడెడ్ ఇంత. డిస్ట్రిబ్యూటర్ల ఖాతా పుస్తకంలో చరిత్ర ఆగిపోయింది.

నైజాం పోరడు:
నా పేరు చూసి గెలకొద్దు అన్నా, ఫస్ట్ డే ఫస్ట్ షో వీరుణ్ణి కాబట్టి ట్రేడ్ పేరు పెట్టుకున్నా.

బెజవాడ బుల్లోడు:
సీడెడ్ గురించి ఇంకో చర్చ తెరవండి రాయుడు గారూ, నేనూ వస్తాను. ఇక్కడ నా మార్కు సంగతి తేలాలి.

డల్లాస్ బాబాయ్:
ఇక్కడ అమెరికాలో మాకు వేరే బాధ. తెల్లవాళ్ళకి టాలీవుడ్ లేదు, కోలీవుడ్ లేదు, ఇండియా సినిమా అంటే బాలీవుడ్. 2023లో నాటు నాటుకి ఆస్కార్ వచ్చిన వారం మా ఆఫీసులో ఎంతమంది వచ్చి "మీ బాలీవుడ్ పాట" అని అభినందించారో లెక్కలేదు. ప్రతివాడికీ నిలబెట్టి క్లాస్ తీసుకునే ఓపిక లేక థాంక్స్ చెప్పి పంపాను. అప్పుడు రాజమౌళి చేసింది నాకు నచ్చింది. ఆ జనవరిలో ఇక్కడ ఒక ప్రదర్శన దగ్గర మాట్లాడుతూ, ఇది బాలీవుడ్ సినిమా కాదు, దక్షిణాది నుంచి వచ్చిన తెలుగు సినిమా అని చెప్పాడు. గమనించారా, టాలీవుడ్ అనలేదు. ఆ మాట అని ఉంటే వాళ్ళకి ఇంకో వుడ్ వినపడేది, అది ఒకటేనేమో, స్పెల్లింగ్ తప్పేమో అనుకునేవాళ్ళు. తెలుగు అన్నాడు కాబట్టి కనీసం పదిమంది ఫోన్ తీసి తెలుగు అంటే ఏమిటో చూసి ఉంటారు.

కాకినాడ కాజా:
అందరిలో తెలివైనవాళ్ళు కన్నడిగులు. శాండల్‌వుడ్ అని గంధపుచెక్క పెట్టుకున్నారు. వాళ్ళ నేల మీద పండేదే, మాట కూడా నిఘంటువులో ఉన్నదే, వుడ్ అంటే నిజంగా చెక్కే.

గుంటూరు కారప్పొడి:
అలా అయితే మనది టేకువుడ్.

ఖరగ్‌పూర్ తెలుగోడు:
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మా తాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి శ్రీకాకుళం నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో ఉండిపోయారు, మా ఊళ్ళో సగం వీధుల్లో తెలుగు వినపడుతుంది. కాబట్టి ఈ తగువులో నేను రెండు పక్షాలకీ బంధువుని. ఇంట్లో టీవీలో ఒక టాలీవుడ్, పక్కింట్లో టీవీలో ఇంకో టాలీవుడ్.
ఇక్కడివాళ్ళు కూడా మామూలుగా మాట్లాడేటప్పుడు టాలీవుడ్ తక్కువే అంటారు. పేపర్లలో టాలీపాడా అని రాస్తారు. పాడా అంటే మన పేట. టాలీపాడాలో గుసగుసలు అని. సబ్ ఎడిటర్ గారు చెప్పిన ఫిలింనగర్ వర్గాలు అచ్చంగా ఇవే. టాలీగంజ్ మెట్రో స్టేషన్ పేరు మార్చి మహానాయక్ ఉత్తమ్ కుమార్ అని పెట్టారు, అంటే ఆ స్టేషన్ బోర్డు మీద టాలీ పోయి సినిమా నటుడి పేరు నిలబడింది.
ఆవిడ "ఎత్తుకుపోయారు" అన్నదాంట్లో కోపం ఎందుకంటే, ఈ మధ్య నెట్‌లో టాలీవుడ్ అని కొడితే ముందు వచ్చేవన్నీ తెలుగు సినిమాలే. వాళ్ళ పేరు వాళ్ళకే దొరకట్లేదు. మా వైపు చాలామందికి ఆ ఉక్రోషం ఉంది.

పాత రీలు:
ఖరగ్‌పూర్ బాబూ, మీరు చెప్పాక నాకు ఒకటి తట్టింది, ఇంతసేపూ ఎందుకు తట్టలేదో. చిత్తజల్లు పుల్లయ్య గారు, మన కాకినాడ ఆయన, 1933లో సావిత్రి, 1934లో లవకుశ తీశారు. ఎక్కడ తీశారు? కలకత్తాలో. ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ అని అక్కడి సంస్థ పెట్టుబడి. ఆ 1934 లవకుశ తెలుగు జనాన్ని ఊపేసిన సినిమా, ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చి చూశారని మా పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. తరవాత 1963లో రామారావు గారితో రంగుల్లో వచ్చిన లవకుశ మొదలుపెట్టింది కూడా ఇదే పుల్లయ్య గారు, పూర్తి చేసింది వాళ్ళబ్బాయి సి.ఎస్. రావు.
అసలు ఆ రోజుల్లో మనకి చెప్పుకోవడానికి ఒక స్టూడియో లేదు. మొదటి టాకీ భక్త ప్రహ్లాద తయారైంది బొంబాయిలో. రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ పెట్టేసరికి 1936. హైదరాబాద్‌లో అమీర్‌పేట దగ్గర సారథీ స్టూడియో వచ్చింది 1950ల్లో. అంటే డెమింగ్‌కి ఆ టెలిగ్రాం వచ్చిన ఏడాది రెండేళ్ళ తేడాలో మన నటులు రైలెక్కి అదే కలకత్తాకి వెళ్ళి, అక్కడ తెలుగు పద్యాలు పాడి, తెలుగు సినిమా తీసుకుని వచ్చారు. ఎత్తుకుపోయారు అనకూడదమ్మా, పుట్టింటి పేరు అని చెప్పు ఆ అమ్మాయికి. కనీసం పురిటికి వెళ్ళిన ఇల్లు.

శ్రీలక్ష్మి తెనాలి:
అబ్బ. ఇది మాత్రం నాకు తెలీదు. అయినా నా అచ్చు సిద్ధాంతం నేను వదలను.

ఫోకస్ పుల్లర్:
ఇది నైట్ షిఫ్ట్ బ్రేక్‌లో చదువుతున్నా. మా అసోసియేట్‌కి చదివి వినిపిస్తే "ఇంతకీ వాళ్ళ ఇండస్ట్రీలో బేటా ఎంత ఇస్తారట" అని అడిగాడు. బేటా అంటే మా రోజువారీ భత్యం.

బెజవాడ బుల్లోడు:
ఇవాళ లంచ్‌లో ఆవిడకి మొత్తం చెప్పాను, కాలవ, టెలిగ్రాం, పుల్లయ్య గారు, అన్నీ. పుల్లయ్య గారి దగ్గర ఆవిడ ముఖం కొంచెం మెత్తబడింది. టాలీగంజ్ మాది, ట మీది, చెరో అరమార్కు తీసుకుందాం అంది. సరే అని ఇద్దరం కలిసి క్విజ్ పెట్టిన ఆయన దగ్గరికి వెళ్ళాం. ఆయన నాగ్‌పూర్ మనిషి. అంతా విని, ఫోన్‌లో ప్రశ్నల షీట్ తీసి చూసి, "ఆన్సర్ దగ్గర హైదరాబాద్ అని ఉంది, అరమార్కు పెట్టడానికి కాలమ్ లేదు" అన్నాడు. వచ్చే శుక్రవారం ప్రశ్నలు నన్ను తయారుచేయమన్నారు. మొదటి ప్రశ్న రాసేశాను, సీడెడ్ అంటే ఏమిటి అని. రాయుడు గారూ, ఆ చర్చ తెరిచారా?